నెపోలియన్ కాలపు ఎర్రకోటు సిపాయి వేషం: లీడ్స్ నుంచి అడిగిన ప్రశ్నకు జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని లీడ్స్ వచ్చాను. ఈ మధ్య ఒక కోట దగ్గర 1815 నాటి బ్రిటిష్ ఎర్రకోటు సైనికుల వేషంలో కొందరు కవాతు చేసి తుపాకులు పేల్చడం చూశాను. వాళ్లతో చేరాలని ఉంది. మనవాళ్లను చేర్చుకుంటారా? ఖర్చెంత? తుపాకీ లైసెన్సు సంగతేమిటి? అసలు మనం ఆ కోటు తొడుక్కోవడం సబబేనా?"

చేర్చుకుంటారు. ఆ విషయంలో టెన్షన్ అక్కర్లేదు. ఈ గ్రూపులన్నిటికీ ఎప్పుడూ ఉండే బాధ ఒక్కటే, మనుషులు చాలరు. అప్పటి పటాలంలో ఒక్కో కంపెనీకి కాగితం మీద వందమంది లెక్క. మాకు ఇరవై మంది వరసలో నిలబడ్డారంటే ఆ రోజు సార్జెంటు ముఖం వెలిగిపోతుంది. ఆదివారం పొద్దున్నే వానలో బురద తొక్కడానికి ఒప్పుకునే మనిషి దొరికితే చాలు, ఆ మనిషిది ఏ ఊరో ఎవరూ అడగరు. అడిగినా కుతూహలం కొద్దీ అడుగుతారు.

అయితే మీ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉందనుకుంటున్నాను. 1815లో నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధం నాటి బ్రిటిష్ వరసలో నల్లటి ముఖం కనిపిస్తే చూసేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉండదా అని. మీరున్నది యార్క్‌షైర్ కాబట్టి అక్కడి 33వ పటాలంతోనే జవాబు చెప్తాను. వాటర్లూలో ఆ పటాలం జనరల్ హాకెట్ బ్రిగేడ్‌లో ఉంది. ఆ బ్రిగేడ్‌లో ఉన్నవి 30, 33, 69, 73 నంబర్ల పటాలాలు. ఫ్రెంచి గుర్రపు దళం మీద పడినప్పుడు 33, 69 కలిసి నాలుగు వైపులా చూస్తూ ఒక చదరంగా, 30, 73 కలిసి ఇంకో చదరంగా నిలబడ్డాయి. ఆ పక్క చదరంలో, 73వ పటాలంలో, జార్జ్ రోజ్ అనే నల్లజాతి సైనికుడు ఉన్నాడు. జమైకాలో బానిసగా పుట్టి, తప్పించుకుని, 1809లో సైన్యంలో చేరినవాడు. వాటర్లూలో గాయపడ్డాడు. తర్వాత 42వ పటాలానికి మారి సార్జెంటు దాకా ఎదిగాడు. ఎవరైనా నవ్వితే ఈ కథ చెప్పండి. నేను చెప్పినప్పుడల్లా నవ్వు ఆగి ప్రశ్నలు మొదలవుతాయి.

ఇక మీరు చూసిన ఆ అరగంట కాల్పుల గురించి. చేరేముందే తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఈ వ్యాపకంలో పేల్చడం చాలా కొద్ది భాగం. మిగతాదంతా కుట్టడం, తోమడం, కవాతు, వంట, జనంతో మాట్లాడటం. పేల్చడం కోసమే వచ్చినవాళ్లు ఒక్క సీజను తిరక్కుండా మానేయడం చాలాసార్లు చూశాను. గుండీకి మెరుపు పట్టించడంలో సరదా కనిపించినవాళ్లు మాత్రం పాతుకుపోతారు. మీరు ఏ రకమో తేల్చుకోవడానికి డబ్బు ఖర్చు పెట్టాల్సిన పని లేదు. దాదాపు అన్ని గ్రూపుల దగ్గరా పాత కోటు, పాత టోపీ ఒకటో రెండో ఉంటాయి, మొదటి సీజను వాటితో గడిపేయవచ్చు.

బట్టల సంగతి. ఎర్రకోటు మందపాటి ఊలుతో కుట్టింది. జూలై ఎండలో అది వేసుకుని నిలబడితే మన మే నెల గుర్తుకొస్తుంది. మెడకు నల్లటి తోలు పట్టీ బిగిస్తారు. దాంతో తల కిందికి వంచలేరు. అప్పటి సైన్యానికి కావలసిందీ అదే, సిపాయి చూపు ఎదురుగా ఉండాలి. ఛాతీ మీద అడ్డంగా రెండు తెల్ల తోలు పటకాలు, ఒకదానికి తూటాల పెట్టె, ఇంకోదానికి బాయినెట్, అంటే తుపాకీ మూతికి తగిలించే కత్తి. వాటికి తెల్లటి మట్టి పూసి ఆరబెట్టాలి. వాన పడిందా, ఆ తెలుపంతా ఎర్రకోటు మీదికి కారుతుంది, సాయంత్రం మళ్లీ మొదటి నుంచి పని. బూట్లకు అప్పట్లో కుడి, ఎడమ తేడా లేదు. రెండూ ఒకే అచ్చు మీద కుట్టేవాళ్లు. కొత్త జతతో మొదటి రోజు కవాతు చేసినవాళ్లు రెండో రోజు కుంటుతూ కనిపిస్తారు. మందపాటి ఊలు మేజోళ్లు వేసుకోండి, బూట్లను ఇంట్లో వేసుకుని నాలుగైదు రోజులు తిరగండి.

మన అలవాట్లకు సంబంధించి రెండు చిన్న మాటలు. చేతికి కట్టుకున్న ఎర్రదారం తీయమని మా దగ్గర ఎవరూ అనలేదు, చేతిమడత కింద దాచుకుంటే చాలు. కళ్లజోడు ఉంటే మాత్రం ఇబ్బంది. ఇప్పటి ఫ్రేముతో వరసలో నిలబడనివ్వరు, కాంటాక్ట్ లెన్సులో, పాతకాలం నమూనా గుండ్రటి ఫ్రేమో చూసుకోవాలి. ప్రతి గ్రూపులోనూ దారపు పోగులు లెక్కపెట్టే పెద్దమనిషి ఒకరు ఉంటారు. మీ గుండీలకు, గుండీకీ గుండీకీ మధ్య దూరానికి వంక పెడతారు. మొదట చిరాకేస్తుంది. కానీ 1812 తర్వాత వచ్చిన టోపీ పెట్టుకుని 1809 నాటి పోరాటంలో ఎందుకు నిలబడకూడదో ఆయన చెప్పినంత వివరంగా ఇంకెవరూ చెప్పలేరు. ఆయన పక్కన కూర్చుని టీ తాగండి.

తుపాకీ దగ్గరికి వద్దాం. ఎక్కువమంది వాడేది బ్రౌన్ బెస్ అని పిలిచే చెకుముకి తుపాకీ. అందులో అప్పటి సైన్యం ఎక్కువగా వాడిన రకం పేరు ఇండియా ప్యాటర్న్. ఈస్టిండియా కంపెనీ మన దేశంలోని తన సిపాయిల కోసం చవగ్గా, తేలిగ్గా చేయించుకున్న నమూనా అది. గొట్టం పొడవు 39 అంగుళాలు, అంతకుముందు బ్రిటిష్ సైన్యం వాడినదానికి 42. 1793లో ఫ్రాన్సుతో యుద్ధం మొదలయ్యాక తుపాకులు చాలక ప్రభుత్వం కంపెనీ దగ్గరున్నవి తీసేసుకుంది, కొన్నాళ్లకు అదే నమూనా తన సైన్యానికీ చేయించింది. అంటే వాటర్లూలో నెపోలియన్ మీద పేలినవాటిలో చాలా భాగం మద్రాసు, కలకత్తా సిపాయిల కోసం పుట్టిన నమూనాయే. ఇప్పుడు మళ్లీ ఈ గ్రూపులు వాడే నకలు తుపాకుల్లో చాలా మన దేశంలో తయారై వస్తున్నాయి. ఇటలీవాటికంటే బాగా చవక. కానీ ఒక మెలిక ఉంది. అవి చాలాసార్లు నిప్పురవ్వ లోపలికి వెళ్లే రంధ్రం లేకుండానే వస్తాయి. ఇక్కడి తుపాకుల మేస్త్రీ దాన్ని తొలిచి, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ లాంటి చోట పరీక్ష చేయించి, ముద్ర వేయించాలి. ముద్ర లేనిదాన్ని చవగ్గా వస్తుందని ఆన్‌లైన్‌లో కొనకండి. ఏ గ్రూపూ దాన్ని వరసలోకి రానివ్వదు.

మందు దట్టించే పద్ధతి చూడటానికి సులువే. కాగితపు తూటాను పళ్లతో చింపుతారు. నాలుక మీద ఉప్పగా, కాలిన రుచి తగులుతుంది, రోజంతా పోదు. తాళం (చెకుముకి రాయితో నిప్పురవ్వ పుట్టించే భాగం) పక్కనున్న చిన్న పళ్లెంలో చిటికెడు మందు పోసి మూత వేస్తారు. తుపాకీని నిలువుగా దించి మిగతా మందు గొట్టంలోకి వంచుతారు. అసలు సిపాయి అయితే సీసపు గుండు, కాగితం కూడా లోపలికి వేసి ఇనుప కడ్డీతో దట్టించేవాడు. మనం గుండు వేయం, కాగితం వేయం, పోరాటం మధ్యలో కడ్డీ బయటికి తీయనే తీయం. ఎవరైనా తొందరలో కడ్డీ గొట్టంలో మరచిపోతే అది ఈటెలా ఎగిరి ఎదుటివాణ్ణి పొడుస్తుంది. అప్పటి యుద్ధాల్లో నిజంగానే అలా జరిగేది. తూటాలు మనమే చుట్టుకోవాలి, ముందురోజు సాయంత్రం అందరం కూర్చుని చెక్కపుల్ల మీద కాగితం చుట్టి, మందు కొలిచి పోసి మడుస్తాం. పిన్నులు కొట్టడం, టేపు అంటించడం నిషేధం.

బాగా తర్ఫీదు పొందిన సిపాయి నిమిషానికి మూడుసార్లు పేల్చేవాడు. మీకు మొదట్లో నిమిషానికి ఒకటి వచ్చినా గొప్పే. రాయి అరిగిపోతుంది, గాలికి పళ్లెంలో మందు ఎగిరిపోతుంది, తేమకు ముద్దవుతుంది. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని ఊరుకుంటుంది. అప్పుడు గొట్టాన్ని పైకే పెట్టి ఉంచి సార్జెంటుకు చెప్పాలి. లోపల ఏముందో అని తొంగి చూడటం అస్సలు కుదరదు. చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి. మీ వెనక వరసవాడి తుపాకీ మీ కుడి చెవి పక్కనే పేలుతుంది. అది చెవిటితనానికి దగ్గరి దారి.

అన్నిటికంటే ముఖ్యమైన పని కాల్పులు అయిపోయాక మొదలవుతుంది. తుపాకీమందు కాలిన మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి గొట్టం లోపల తుప్పు మొదలవుతుంది. అందుకని రంధ్రానికి చిన్న చెక్కబిరడా పెట్టి, మరిగే నీళ్లు గొట్టంలో పోసి, మూతికి బొటనవేలు అడ్డం పెట్టి ఊపి వంచుతాం. మొదటిసారి తారులాంటి నీళ్లు వస్తాయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. రెండోసారి బూడిదరంగు. తేటగా వచ్చేదాకా పోస్తూనే ఉండాలి. ఇనుము వేడెక్కి చేత్తో పట్టుకోలేనంతగా కాలుతుంది, ఆ వేడికే లోపల తడి ఆరిపోతుంది. ఆ తర్వాత నూనె గుడ్డ. మిగతావాళ్లు మంట చుట్టూ చేరి కబుర్లు చెప్పుకుంటుంటే మీరు ఈ పని చేస్తూ ఉంటారు. రెండుమూడుసార్లు అయ్యాక కబుర్లే ఈ పని దగ్గరికి వస్తాయి.

లైసెన్సు. గొట్టం లోపల గుండును తిప్పే గాడులు లేని, 24 అంగుళాలకు తగ్గని చెకుముకి తుపాకీ బ్రిటన్ చట్టంలో షాట్‌గన్ కిందికి వస్తుంది. మీ ప్రాంత పోలీసుల దగ్గర షాట్‌గన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. డాక్టరు నుంచి ఆరోగ్య వివరాలు, మిమ్మల్ని ఎరిగినవాళ్ల హామీ, ఇంట్లో గోడకు బిగించిన ఇనుప బీరువా కావాలి, పోలీసులు ఇంటికి వచ్చి చూసి వెళ్తారు. తుపాకీమందు కొని ఇంట్లో ఉంచుకోవడానికి విడిగా ఇంకో అనుమతి. పచ్చకోటు వేసుకుని 95వ పటాలపు రైఫిల్‌మన్ కావాలని ఉంటే ఇంకా కష్టం. వాళ్ల బేకర్ రైఫిల్ గొట్టంలో గాడులు ఉంటాయి కాబట్టి అది కఠినమైన ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ కిందికి పోతుంది. దేశానికి కొత్త కాబట్టి మీ కాగితాలకు టైం పట్టవచ్చు, ఏమేం కావాలో పోలీసుల లైసెన్సింగ్ విభాగాన్నే ముందు అడగండి. అద్దె ఇల్లయితే గోడకు బీరువా బిగించడానికి ఇంటి ఓనరు ఒప్పుకోవాలి. చాలామంది పని అక్కడే ఆగిపోతుంది. లైసెన్సు వచ్చేదాకా డోలు కొట్టొచ్చు, పేలని నమూనా తుపాకీతో కవాతు నేర్చుకోవచ్చు, నీళ్లు మోయొచ్చు. పేలని నమూనా అయినా సరే బయటికి కనిపించేలా పట్టుకుని బస్సెక్కకండి. పోలీసులు రెండు నిమిషాల్లో వస్తారు, వాళ్ల తప్పు కూడా కాదు.

ఖర్చు ఒక్కసారి పెడితే ఎక్కువే. మొత్తం వేషం, తుపాకీ కలిపి వెయ్యి పౌండ్లు సులువుగా దాటుతుంది. కానీ రెండుమూడేళ్ల మీద, పాతవి కొనుక్కుంటూ, కొన్ని మీరే కుట్టుకుంటూ పోగుచేస్తే నొప్పి తెలియదు. గ్రూపు చందాలో బీమా కలిసి ఉందా అని తప్పక అడగండి. ఇలాంటి గ్రూపుల సంఘమైన నెపోలియానిక్ అసోసియేషన్‌లో సభ్యత్వం ఉన్న గ్రూపులు మంచి మొదలు. వేరే గ్రూపులతో కలిసి నిలబడేటప్పుడు కవాతు, భద్రతా నియమాలు అందరికీ ఒకటే ఉంటాయి.

కవాతు గురించి పొడిగానే చెప్తాను, అది చదివి వచ్చేది కాదు. 1792లో బ్రిటిష్ సేనాని డేవిడ్ డండస్ రాసిన నిబంధనలే ఇప్పటికీ మాకు ప్రమాణం. మామూలు నడక నిమిషానికి 75 అడుగులు, తొందర నడక 108. మోచేయి పక్కవాడి మోచేతికి తగులుతూ ఉండాలి. పొగలో మీకు ఆధారం ఆ ఒక్క స్పర్శే. వాటర్లూకి 200 ఏళ్లు నిండినప్పుడు, 2015 జూన్‌లో బెల్జియంలో రెండు సాయంత్రాలు సుమారు 5,000 మంది వేషధారులు, దాదాపు 300 గుర్రాలతో ఆ పోరాటాన్ని ఆడి చూపించారు. అంత పెద్ద మైదానంలో వరసలో ఉన్నవాడికి కనిపించేది ముందువాడి వీపు సంచీ, తెల్లటి పొగ, అంతే. యుద్ధం ఎటు పోతోందో మామూలు సిపాయికి ఎందుకు తెలిసేది కాదో అప్పుడు బోధపడుతుంది. ఇంకో రహస్యం, ఎవరు ఎప్పుడు చావాలో ఎక్కువగా ఎవరి ఇష్టం వాళ్లదే. తుపాకీ మొరాయించినవాడు ముందు చస్తాడు, అదీ పొడిగడ్డి ఉన్నచోట చూసుకుని.

పెళ్లయి ఉంటే మీ ఆవిడను కూడా అడగండి. అప్పటి పటాలం సముద్రం దాటేటప్పుడు వందమందికి ఆరుగురు చొప్పున భార్యలను చీటీలు తీసి వెంట రానిచ్చేవారు. చీటీ రానివాళ్లు రేవులోనే ఉండిపోయేవారు. వచ్చినవాళ్లు బట్టలు ఉతికి, గాయాలకు కట్లు కట్టి, సగం రేషను మీద బతికేవారు. ఆ బతుకును చూపించే గుడారం దగ్గరే జనం ఎక్కువసేపు ఆగుతారు. చాలా గ్రూపుల్లో ఆడవాళ్లు వరసలో నిలబడి తుపాకీ కూడా పేలుస్తారు. తిండి గురించి భయపడకండి. సిపాయి రేషను రోజుకు ఒక పౌను (అర కిలోకు కాస్త తక్కువ) గొడ్డుమాంసం, పౌనున్నర రొట్టె. కానీ ఎండు బఠాణీ, క్యాబేజీ, ఉల్లిపాయ, బార్లీతో చేసిన గంజి కూడా ఆ కాలానిదే, మంట మీద బాగానే ఉంటుంది. మిరపకాయల డబ్బా మాత్రం జనం వెళ్లిపోయాకే తీయండి. తీశాక మీకు మిగలదు.

చివరి ప్రశ్న, మనం ఈ కోటు వేసుకోవచ్చా అని. ఇది నన్ను బంధువులు కూడా అడిగారు, కొందరు కోపంగానే. 33వ పటాలానికి కల్నల్‌గా మన దేశం వచ్చినవాడు ఆర్థర్ వెలస్లీ, తర్వాతి వెల్లింగ్టన్ డ్యూక్. 1799లో టిప్పు మీదికి వెళ్లినప్పుడు ఆ పటాలాన్ని హైదరాబాదు నిజాం పంపిన సైన్యంతో కలిపారు, ఆ మొత్తం దండుకు వెలస్లీయే నాయకుడు. నాలుగేళ్ల తర్వాత అస్సాయేలో మరాఠాల మీద ఆయన గెలిచినప్పుడు కాల్బలంలో ఎక్కువమంది మద్రాసు సిపాయిలే. ఆ సైన్యంలోకి ఉత్తర సర్కారుల నుంచి, అంటే మన కోస్తా నుంచి కూడా మనుషులు చేరేవారు. కోటు బ్రిటిష్‌వాళ్లదే, దాని లోపల మనవాళ్లూ ఉన్నారు, దాని ఎదురుగా మనవాళ్లూ ఉన్నారు. 1806 జూలై 10న వెల్లూరులో సిపాయిలు తిరగబడటానికి దగ్గరి కారణం కూడా యూనిఫామే. తోలు గుత్తి ఉన్న కొత్త తలపాగా పెట్టుకోవాలని, నుదుట బొట్టు, నామం ఉండకూడదని, గడ్డం గీసుకోవాలని హుకుం వచ్చింది. ఆ రాత్రి వాళ్లు కోటలోని 69వ పటాలం మీద పడ్డారు, వందకు పైగా తెల్ల సైనికులు చనిపోయారు. తెల్లారాక ఆర్కాటు నుంచి వచ్చిన గుర్రపు దళం అంతకంటే చాలా ఎక్కువమంది సిపాయిలను చంపింది. ఆ 69వ పటాలపు రెండో బెటాలియనే వాటర్లూలో మన 33తో కలిసి ఒకే చదరంలో నిలబడింది.

నా అభిప్రాయం అడిగితే, ఈ సంగతులు తెలిసిన మనిషి ఆ కోటులో ఉండటమే మేలు. వేషం వేసుకోవడం ఒప్పుకోవడం కిందికి రాదు. ఫ్రెంచివాళ్ల వేషం వేసే ఇంగ్లిషువాళ్లు ఇక్కడ బోలెడంతమంది, ఎవరూ వాళ్లను నెపోలియన్ భక్తులనుకోరు. తాళ్లకు అవతల నిలబడ్డ కుటుంబం "ఈ పటాలం ఇంకెక్కడ పోరాడింది?" అని అడిగితే, శ్రీరంగపట్నం గురించి, కోట పడ్డాక జరిగిన దోపిడీ గురించి నేను ఎర్రకోటులోనే నిలబడి చెప్తాను. స్టాండు మీది బోర్డు చదివేవాళ్ల కంటే ఇది వినేవాళ్లు ఎక్కువ. మీకు మనసొప్పకపోతే మాత్రం బలవంతం చేసుకోకండి. ఫ్రెంచి నీలికోటు గ్రూపులు కూడా ఉన్నాయి, వాళ్ల వంట కూడా బాగుంటుంది. ఒకవేళ మద్రాసు సిపాయి వేషమే వేద్దామని ఆలోచన వస్తే, అది మ్యూజియం కార్యక్రమాలకు దాచుకోండి. వాటర్లూలో కంపెనీ సిపాయి పటాలాలు లేవు కాబట్టి ఆ మైదానంలోకి దింపనివ్వరు. ఆ పోగులు లెక్కపెట్టే పెద్దమనిషే ముందు అడ్డం వస్తారు.

ముందుగా ఒకసారి హాలిఫాక్స్ వెళ్లి బ్యాంక్‌ఫీల్డ్ మ్యూజియం చూడండి, 33వ పటాలం వస్తువులు అక్కడ ఉన్నాయి. లీడ్స్ నుంచి రైలులో తేలికే. తర్వాత దగ్గర్లోని గ్రూపు సెక్రటరీకి మెయిలు పెట్టి, చలికాలపు కవాతు ఎక్కడ, ఎప్పుడు అని అడగండి. సీజను ఈస్టర్ నుంచి సెప్టెంబరు దాకా ఉంటుంది, కొత్తవాళ్లకు నేర్పడానికి వాళ్లకు తీరిక ఉండేది చలికాలంలోనే. మెయిలులో మీ ఎత్తు, ఛాతీ కొలత, బూటు సైజు రాయండి. అరువు కోటు మీకు సరిపోయేది ఉందో లేదో వాళ్లు ముందే వెతికి పెడతారు.